అండమాన్ పోకుండా అలాంటి నీలం నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? కడప జిల్లా నుంచి, అమ్మను వెంటబెట్టుకుని

ఎర్రగుంట్ల షిఫ్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం నాది. సంక్రాంతి రద్దీ తగ్గాక ఐదారు రోజులు సెలవు దొరికేట్టు ఉంది. ఇంట్లో ఐదుగురం. మా అమ్మ, మేమిద్దరం, ఎనిమిదో తరగతి పాప, నాలుగో తరగతి బాబు.

మా ఆవిడ కొన్ని నెలలుగా ఫోన్లో అండమాన్ రీల్సే చూస్తోంది. రాధానగర్ బీచ్‌లో నడుం లోతు నీళ్లలో నిలబడినా కాలి వేళ్లు కనిపిస్తాయంట. సరే అని లెక్క వేశాను. ఇక్కడి నుంచి చెన్నై, చెన్నై నుంచి శ్రీ విజయపురానికి విమానం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్), అక్కడి నుంచి రాధానగర్ ఉన్న హేవ్‌లాక్‌కు మళ్లీ పడవ. ఐదుగురికి రానూపోనూ టికెట్లకే గుండె ఆగింది. ఓడలో పోదామంటే నా సెలవంతా సముద్రం మీదే అయిపోతుంది. 2024 జనవరిలో టీవీలన్నీ లక్షద్వీప్, లక్షద్వీప్ అని ఊదరగొట్టాయి కదా, దాని సంగతీ చూశాను. ముందే పర్మిట్ తీసుకోవాలి, అగత్తికి వచ్చే విమానాలు తక్కువ. అన్నిటికీ మించి మా అమ్మ విమానం ఎక్కనంటోంది. "పైకి పోయేది ఎట్లాగూ ఉంది, ఇప్పుడే తొందరేముంది" అంటుంది.

కాబట్టి బండిలోనో రైల్లోనో పోగలిగే చోటు చెప్పండి. మైపాడు వద్దు. మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి నెల్లూరు దాటి అక్కడ ఉంటాం, చేపల పులుసు తిని రాత్రికి ఇంటికి రావచ్చు, అదంతా బాగానే ఉంటుంది. కానీ నీళ్లు టీ రంగు. దాన్ని చూపించి "ఇదే అండమాన్ అనుకో" అంటే మా ఆవిడ ఊరుకోదు.

అమ్మ కోరిక వేరే ఉంది. మాఘ మాసంలో సముద్ర స్నానం చేయాలి. మోకాళ్ల నొప్పులు, ఇసుకలో ఎక్కువ దూరం నడవలేదు. పిల్లలకు నీళ్లలో ఆడుకోవాలని ఉంది. మాలో ఎవరికీ ఈత రాదు. టాప్ టెన్ లిస్టులు చదివి విసుగొచ్చింది, అన్నింట్లో అవే ఫొటోలు. మన సీమ నుంచి నిజంగా పోయి వచ్చినవాళ్లు చెప్పండి.

---

గండికోట గాలి:

మైలవరం డ్యామ్ ఒడ్డున తాటాకు గొడుగు పాతుకుని కొబ్బరి బొండాం పట్టుకో. నీళ్లు నీలమే. ఫొటోలో మాల్దీవులే అనుకుంటారు. డీజిల్ కూడా రెండు లీటర్లతో అయిపోతుంది.

ఎర్రగుంట్ల షిఫ్టు:

పోయిన ఎండాకాలం అదే చేశాం అన్నా. మా ఆవిడకు ఈ మెసేజ్ చూపించను.

---

అనంతపురం జియాలజీ మాస్టారు:

మీరు అడిగింది ఊర్ల గురించే అయినా, కారణం తెలిస్తే వెతకడం తేలికవుతుంది. బోర్డు ముందు నిలబడిన అలవాటు, కాస్త ఓపిక పట్టండి.

మీ ఆవిడ చూసిన రంగు రెండింటి వల్ల వస్తుంది. ఒకటి అడుగున తెల్ల ఇసుక, రెండోది నీళ్లలో మట్టి లేకపోవడం. ద్వీపాల్లో ఆ ఇసుక చాలావరకు పగడాలు, గవ్వలు నలిగి పొడైనది. అంటే కాల్షియం కార్బొనేట్, మీ ఫ్యాక్టరీ క్రషర్లో రోజూ పడే సరుకే. మన తీరం ఇసుక అది కాదు. లోపలి కొండల రాళ్లు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చినది. ఎక్కువ భాగం క్వార్ట్జ్, మధ్యలో ఇల్మనైట్ నల్ల చారలు, గార్నెట్ ఎర్ర చారలు. భీమిలి వైపు తడి ఇసుక మీద ఆ చారలు బాగా కనిపిస్తాయి. చూడటానికి అందంగానే ఉంటాయి గానీ, వాటి మీద నిలిచిన నీళ్లు లేత నీలంగా మెరవవు.

పగడాలకు వెచ్చటి, ఉప్పటి, తేట నీళ్లు కావాలి. ఎండ అడుగు దాకా దిగాలి. గోదావరి, కృష్ణ, పెన్న ఒండ్రునూ మంచినీళ్లనూ తెచ్చి పోసే తీరంలో అవి ఎలా పెరుగుతాయి? పెన్న అంటే ఎవరిదో కాదు. తాడిపత్రి పక్కగా వచ్చి, గండికోట లోయలో దూరి, మైలవరం, సోమశిల దాటి నెల్లూరు కింద సముద్రంలో కలిసే మన నదే. మైపాడు నీళ్ల రంగులో మీ ఊరి మట్టి వాటా కూడా ఉందన్నమాట. ఇప్పుడు డ్యాములు చాలా ఒండ్రును ఆపేస్తున్నాయి. అయినా వేల ఏళ్లుగా తెచ్చి పోసింది అక్కడే ఉంది, అల విరిగినప్పుడల్లా పైకి లేస్తుంది.

మన దేశంలో ప్రధాన భూభాగాన్ని ఆనుకుని పగడాలు పెరిగే చోట్లు తక్కువ. గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ, దాని పక్కన పాక్ అఖాతం, మహారాష్ట్రలో మాల్వణ్ దగ్గర కొంచెం. మన్నార్‌లో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా వరుసగా ఉన్న 21 చిన్న ద్వీపాలను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. వాటి మీద దిగనివ్వరు. కానీ ఆ పక్క తీరంలో నీళ్ల రంగు మన కోస్తా కంటే ఎందుకు మెరుగ్గా ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

మీరు మన్నార్ వైపు పోవాలో, మాల్వణ్ వైపు పోవాలో నేను చెప్పలేను. ఆ పని ఇక్కడ డ్రైవర్లది.

---

ప్రొద్దుటూరు టెంపో:

మాస్టారు నన్నే పిలిచినట్టున్నారు.

తమ్ముడూ, నేను ప్రొద్దుటూరులో టెంపో ట్రావెలర్ నడుపుతా. గుళ్ల పార్టీలే ఎక్కువ. బీచ్ అని పేరు పెట్టి బండి మాట్లాడేవాళ్లు తక్కువ గానీ, గుడి అని వచ్చిన ప్రతి పార్టీ చివరికి సముద్రం దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది. దర్శనం గంటలో ముగుస్తుంది, ఒడ్డున ఉన్నోళ్లను బండెక్కించడానికి నాకు రెండు గంటలు పడుతుంది. అట్లా రామేశ్వరం, కన్యాకుమారి, గోకర్ణం, మురుడేశ్వర్, ఉడిపి, పూరీ, అన్ని ఒడ్లూ చూశా. ఒడ్డు మీద కూర్చుని చూడటమే నా పని కాబట్టి మీకంటే నిదానంగా చూశా.

మీ ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కోటి కావాలి. ఆవిడకు రంగు, అమ్మకు స్నానం, పిల్లలకు ఆట. ఈ మూడూ ఒక్క బీచ్‌లో దొరుకుతాయని ఎవరైనా చెప్తే నమ్మవద్దు. మన నేల మీద రంగు బాగున్న చోట నీళ్లలో దిగనివ్వరు, దిగనిచ్చే చోట రంగు అంతంతమాత్రం. కాబట్టి బీచ్‌ను కాదు, ఊరును ఎంచుకోవాలి. మూడు రకాల ఒడ్లూ అరగంట, ముప్పావుగంట దూరంలో ఉండే ఊరు. నాకు తెలిసి అది రామేశ్వరమే.

రంగు ధనుష్కోడిలో ఉంటుంది. 1964 డిసెంబరు తుఫానులో ఒక్క రాత్రిలో ఊరు పోయింది, ప్యాసింజర్ రైలు మనుషులతో సహా కొట్టుకుపోయింది. చర్చి గోడలు, స్టేషన్ ముక్కలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఇసుకలో పాత వ్యాన్లలో ఎగిరెగిరి పడుతూ పోయేవాళ్లం. 2017లో రోడ్డు వేశాక మన బండే కొస దాకా, అరిచల్ మునై దాకా పోతుంది. మీ అమ్మ సీట్లోంచి కదలకుండా రెండు సముద్రాలు చూడొచ్చు. కొసకు పోయేటప్పుడు ఎడమ పక్క పాక్ అఖాతం, కుడి పక్క మన్నార్. ఎడమ దాన్ని ఆడ సముద్రం, కుడి దాన్ని మగ సముద్రం అంటారు అక్కడి వాళ్లు. ఎడమ పక్క నెమ్మది, కుడి పక్క ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది. నవంబరు, డిసెంబరులో ఈశాన్యం గాలి పట్టుకుంటే ఎడమ పక్క కూడా లేస్తుంది, నీళ్లు మసకేస్తాయి. అందుకే నీకు జనవరి కంటే ఫిబ్రవరి నయం.

ఇప్పుడు చెప్పేది ఏ లిస్టులోనూ రాయరు. నీళ్ల రంగు నువ్వు నిలబడే తీరును బట్టి కూడా మారుతుంది. ఎండ నీ ముఖాన కొడుతుంటే నీళ్లు వెండి తళుకే తప్ప నీలం కనిపించవు. ఎండ నీ వీపు వెనక ఉండాలి, కొంచెం పైకి లేచి ఉండాలి. ధనుష్కోడిలో పొద్దున తొమ్మిది, పది గంటలకు కుడి పక్క చూడండి. మధ్యాహ్నం రెండు దాటాక ఎడమ పక్క చూడండి. నా పార్టీల్లో సగం మంది సూర్యోదయానికి పోయి, ఫొటోలు తీసుకుని, "ఏముంది ఇక్కడ, అంతా తెల్లగానే ఉంది" అని ఏడు గంటలకే వెనక్కి తిరుగుతారు. రంగు వచ్చే వేళకు వాళ్లు ఊర్లో ఇడ్లీ తింటుంటారు. సాయంత్రం చీకటి పడేదాకా అక్కడ ఉండనివ్వరు, ముందే బండ్లు వెనక్కి పంపేస్తారు. అది కూడా లెక్కలో పెట్టుకో. కొస దగ్గర మాత్రం నీళ్లలో దిగొద్దు. అక్కడ రెండు ప్రవాహాలు కలుస్తాయి, ఒడ్డు కాళ్ల కిందే కోసుకుపోతుంది. చూసి రావడమే.

పిల్లల ఆటకు అరియమాన్. రామేశ్వరం నుంచి పాంబన్ వంతెన దాటి ఇవతలికి, మండపం దాటాక వస్తుంది. ఊర్లో కుషీ బీచ్ అని కూడా అంటారు. పాక్ అఖాతం పక్కది కాబట్టి లోతు మెల్లగా పెరుగుతుంది, అల చిన్నది. సరుగుడు తోపు ఉంది, నీడకు కూర్చోవచ్చు. నీళ్లు ధనుష్కోడి అంత నీలం కావు, నిజం చెప్పాలి. లేత ఆకుపచ్చ. కానీ మీ బాబు మోకాలి లోతులో చాలాసేపు ఆడుకుంటాడు, నువ్వు ఊపిరి బిగబట్టుకుని చూడాల్సిన పని లేదు. ఎదురుగా ఉండి చూడు, అంతే. ఆదివారం వద్దు, చుట్టుపక్కల ఊర్ల జనమంతా అక్కడే.

అమ్మకు అగ్ని తీర్థం. గుడికి తూర్పు గోపురం ఎదురుగానే సముద్రం, నడక తక్కువ, అల దాదాపు ఉండదు. అక్కడ నీళ్లు చూసి మీ ఆవిడ ముఖం చిట్లించుకుంటుంది, ముందే చెప్తున్నా. పాత బట్టలు, పూలు, పిండం పెట్టిన ఆకులు తేలుతుంటాయి. అమ్మకు అవేవీ కనిపించవు. తర్వాత గుడి లోపల 22 తీర్థాల స్నానం అంటుంది. బావి బావి దగ్గరా బకెట్‌తో నెత్తిన పోస్తారు, నేలంతా తడి బండలు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ జారుడులో ఒంటరిగా పంపొద్దు. పాపను చెయ్యి పట్టుకోమను. తడి బట్టలతో దర్శనానికి పోనివ్వరు, పొడి చీర సంచిలో ఉండాలి.

తేదీల గురించి ఒక మాట. అయ్యప్ప స్వాములు ఇంటికి తిరిగే రోజులు, తై అమావాస్య, ఈ రెండూ తప్పించు. తమిళుల తై అమావాస్యకు ఆ ఊర్లో కాలు పెట్టే చోటు ఉండదు, రూము అద్దె ఇష్టం వచ్చినట్టు చెప్తారు. మాఘ పౌర్ణమికే స్నానం అని అమ్మ పట్టుబడితే సరే, కానీ ఆ రోజు, ముందు రోజు తిరువణ్ణామలై మీదుగా పోయేట్టు పెట్టుకోవద్దు. గిరి ప్రదక్షిణ జనంలో బండి గంటల తరబడి కదలదు. మాఘమంతా పుణ్యమే కదా, ఏదో ఒక మామూలు బుధవారం చూసుకోమను.

దారి కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు, వేలూరు, తిరువణ్ణామలై, విల్లుపురం, తిరుచ్చి, రామనాథపురం. కడప నుంచి ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. ఒక్క ఊపున పోతామనే వాళ్లను నేను ఎక్కించుకోను. తిరుచ్చిలో రాత్రి పడుకుని, తెల్లారి శ్రీరంగం చూసి బయల్దేరితే అమ్మ నడుం కూడా నిలబడుతుంది. రైలంటావా, చెన్నై పోయి అక్కడి నుంచి రాత్రి బండి పట్టుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో పాంబన్ కొత్త రైలు వంతెన తెరిచాక రైళ్లు మళ్లీ ద్వీపం లోపలికి పోతున్నాయి. అంతకుముందు 1914 నాటి పాత వంతెన మీద పోయేవి. రోడ్డు వంతెన మీద బండి ఆపకూడదు. పోలీసు అరుస్తాడు, అయినా అందరూ ఆపుతారు, నేనైతే ఆపను.

---

కొండారెడ్డి బురుజు కింద:

బ్రో, నేను కర్నూలు. ఒక్క లాజిక్ పాయింట్. ప్రశ్న ద్వీపాలు కాని చోట్ల గురించి. రామేశ్వరం కూడా ద్వీపమే కదా?

ప్రొద్దుటూరు టెంపో:

నా బండి టైరు తడవకుండా పోతే నాకది నేలే సామీ.

---

కొండారెడ్డి బురుజు కింద:

ఓకే, ఒప్పుకున్నా. కానీ పడమటి తీరాన్ని ఎవరూ తలుచుకోకపోతే అన్యాయం. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వైపు పారిపోతుంటా.

సీమ వాళ్లకు గోవా రైలు చేతిలోనే ఉంది. హౌరా నుంచి వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, గుంతకల్ మీదుగానే పోతుంది. రోజూ ఉండదు, వారంలో ఏ రోజుల్లో ఉందో చూసుకోండి. హుబ్బళ్లి దాటాక ఘాట్‌లో దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే పోతుంది. పిల్లలకు ఆ ఒక్క గంట చాలు. మడగావ్‌లో దిగి దక్షిణ గోవాకు పోండి, ఉత్తరం వైపు కాదు. అగోండాలో ఇసుక శుభ్రం, గోల తక్కువ, పలోలెమ్‌లో ఒడ్డు వంపు తిరిగి ఉండటం వల్ల అల నెమ్మది. నీళ్లు నీలం అని అబద్ధం చెప్పను. ఆకుపచ్చ. కానీ కొండ, కొబ్బరి చెట్లు, పసుపు ఇసుక కలిసి ఉష్ణమండల ద్వీపం అనిపించేది అక్కడే.

తేట నీళ్లే కావాలంటే ఇంకొంచెం పైన, మహారాష్ట్ర చివర్లో తార్కర్లి, మాల్వణ్. కొంకణ్ రైల్లో కుడాల్ దిగాలి. మాస్టారు చెప్పిన పగడాలు అక్కడివే. శివాజీ కట్టించిన సింధుదుర్గ్ కోట చుట్టూ నీళ్లలో ముఖం పెట్టి చూడటానికి స్నార్కెలింగ్ తీసుకెళ్తారు. ఈత రాకపోయినా ట్యూబు పట్టుకుని తేలొచ్చు. నేను చూసినంతలో నేలను అంటుకుని ఉన్న తేట నీళ్లు అవే. డిసెంబరు, జనవరి బెస్ట్. ఒక ట్రావెల్ ఏజెంట్ మా ఫ్రెండ్స్‌కు జూలైలో ఇదే ప్యాకేజీ అమ్మాడు. పోయి చూస్తే ఒక్క పడవ కూడా నీళ్లలో లేదు, అన్నీ ఒడ్డున టార్పాలిన్ల కింద. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి సముద్రం వైపు చూడకండి. దారి కూడా నమ్మకం ఉండదు. 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరులో హైవే మీద కొండ విరిగిపడింది గుర్తుందా?

మీ ఫ్యామిలీకైతే ఇది దూరం, రెండు రైళ్లు మారాలి. అమ్మతో కష్టమే.

---

విశాఖ ఆడపడుచు, కడప కోడలు:

మా విశాఖ పేరు ఎవరూ ఎత్తలేదు, బాధగా ఉంది గానీ అన్నయ్యా, నిజాయితీగా చెప్తాను. రుషికొండ శుభ్రంగా ఉంటుంది. 2020లో దేశంలో మొదట బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన 8 బీచ్‌లలో అదొకటి. మీ రాధానగర్ కూడా ఆ లిస్టులోదే. యారాడలో మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం, పైనుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఎండాకాలం ముందు నీళ్లు నిజంగానే నీలంగా ఉంటాయి. కానీ మీ ఇంట్లో ఎవరికీ ఈత రాదన్నారు కదా, అందుకే మా ఊరు రమ్మని పిలవడం లేదు. మాకు ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది. అక్కడే పుట్టి పెరిగిన మేమే ఆర్కే బీచ్‌లో మోకాళ్లు దాటం.

లోపలి జిల్లాల వాళ్లకు ఒక విషయం ఎవరూ చెప్పరు, నా మరుదులకు ప్రతిసారీ నేనే చెప్పుకోవాలి. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు ఏదో ఒక చోట గుంపుగా, జోరుగా లోపలికి తిరిగి వెళ్లిపోతాయి. చుట్టూ అలలు తెల్లగా విరుగుతూ, ఒక్క చోట మాత్రం విరగకుండా నున్నగా, కాస్త మట్టి రంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్లు అదే నెమ్మదైన చోటు అనుకుని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. మనిషిని లాక్కుపోయేది అదే. దొరికిపోతే ఒడ్డు వైపు కొట్టుకోకూడదు, బలం అయిపోతుంది. ఒడ్డు పొడవునా పక్కకు జరగాలి, లాగుడు వదిలాక అలతో పాటు బయటకు రావాలి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. గొలుసు కట్టుకుని ఒకరి వెనక ఒకరు దూకడం మాత్రం వద్దు, ఒక్కరితో పోయేది నలుగురికి చుట్టుకుంటుంది.

ఇంకోటి ఆడవాళ్ల సంగతి. టెంపో అన్న రంగు, గుడి, నీడ అన్నీ చెప్పారు, బట్టలు ఎక్కడ మార్చుకోవాలో చెప్పలేదు. తడి చీరతో మీ అమ్మగారు, తడి డ్రెస్సుతో ఎనిమిదో తరగతి పాప ఎంతసేపు ఉంటారు? ఫొటోల్లో కనిపించే ఖాళీ బీచ్‌లన్నింట్లో ఇదే సమస్య, ఖాళీ అంటే బాత్రూమ్ కూడా లేదని అర్థం. బ్లూ ఫ్లాగ్ అనేది ఊరికే జెండా కాదు. 33 నిబంధనలు ఉంటాయి. నీళ్ల పరీక్ష, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, రక్షించే మనుషులు, నడవలేనివాళ్లకు దారి. మీకు దగ్గర్లో అలాంటివి పుదుచ్చేరి ఈడెన్ బీచ్, చెన్నై దిగువన ఉన్న కోవళం. రెండింటికీ 2021లో వచ్చింది. కడప నుంచి తిరుపతి మీదుగా పుదుచ్చేరి ఒక రోజు ప్రయాణమే. నీళ్లు అండమాన్ అవ్వవు. కానీ అత్తగారిని తీసుకెళ్లినప్పుడు నేను మొదట చూసేది నీళ్ల రంగు కాదు.

---

ప్రొద్దుటూరు టెంపో:

చెల్లెమ్మ చెప్పింది నిజమే, నాకు తట్టే విషయం కాదది. అగ్ని తీర్థం దగ్గర, గుడి లోపల ఆడవాళ్లకు గదులున్నాయి. ధనుష్కోడిలో ఏమీ ఉండదనుకుని పోవడం మేలు. అరియమాన్‌లో ఉన్నాయి గానీ శుభ్రం ఆ రోజును బట్టి. నా బండికి కర్టెన్లు వేయించింది అందుకే. మగవాళ్లందరినీ దింపేసి టీ తాగడానికి పంపిస్తా.

గోకర్ణం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. ప్రొద్దుటూరు నుంచి గుత్తి, బళ్లారి, హొసపేట, హుబ్బళ్లి, అంకోలా దారి. రామేశ్వరం కంటే దగ్గర. మహాబలేశ్వరుడి గుడి ఉంది, ఆత్మలింగం కాబట్టి పెద్దవాళ్లు సంతోషిస్తారు. కానీ పేరున్న ఓం బీచ్, కుడ్లే బీచ్‌లకు కొండ మీద బండి ఆపి మెట్లు దిగాలి. దిగడం కాదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడ బండిలోనే కూర్చుంటారు, నాతోపాటు. వాళ్లకు మురుడేశ్వరే మేలు. గుడి, పెద్ద శివుడి విగ్రహం, సముద్రం అన్నీ బండి ఆపిన చోటే, రాజగోపురానికి లిఫ్టు కూడా ఉంది. దారిలో హొన్నావర దగ్గర కాసరకోడ్ బీచ్ చెల్లెమ్మ చెప్పిన జెండా రకమే. చదును నేల, ఒడ్డు దాకా దారి.

---

ఎర్రగుంట్ల షిఫ్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అందరం కూర్చుని ఇది మొత్తం చదివాం. రామేశ్వరం అనగానే అమ్మ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. మా ఆవిడ ధనుష్కోడి వీడియోలు మధ్యాహ్నం తీసినవే వెతికి చూసింది, ఎడమ పక్క రంగు చూశాక "ఇది పర్వాలేదు" అంది. ఆమె నోట్లోంచి ఆ మాట రావడమే గొప్ప. మాస్టారూ, మా క్వారీ రాయి, అండమాన్ ఇసుక ఒకటే అని మా పాప రేపు స్కూల్లో చెప్తానంటోంది. సరేనా?

ఫిబ్రవరిలో అమావాస్య, పౌర్ణమి రెండూ తప్పించి ఒక సోమవారం బయల్దేరుతున్నాం. తిరుచ్చిలో ఒక రాత్రి, రామేశ్వరంలో మూడు. అన్నా, రెండు సందేహాలు. పిల్లలకు లైఫ్ జాకెట్లు ఇక్కడే కొనుక్కుని రావాలా? మేం ఐదుగురమే కదా, టెంపో కావాలా, కారు చాలా?

అనంతపురం జియాలజీ మాస్టారు:

పాపను "పదార్థం ఒకటే, పుట్టుక వేరు" అని చెప్పమనండి. మీ సున్నపురాయి పగడాలు కట్టింది కాదు. భూమి మీద పగడాలే లేని కాలంలో, ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉన్నప్పుడు అడుగున పేరుకున్నది. టీచరు నమ్మకపోతే నా దగ్గరకు పంపండి.

ప్రొద్దుటూరు టెంపో:

జాకెట్లు పడవ ఎక్కితే వాళ్లే ఇస్తారు. ఒడ్డున ఆడుకోవడానికి ఎవరూ ఇవ్వరు, కాబట్టి రెండు కొనుక్కో. పిల్లల బరువుకు సరిపోయేవి చూసుకో, పెద్ద సైజు తెస్తే నీళ్లలో మెడ మీదికి ఎక్కిపోతుంది. గాలి ఊదే ట్యూబులు, బాతు బొమ్మలు వద్దు, గాలికి లోపలికి కొట్టుకుపోతాయి, వాటి వెనక పిల్లలు పోతారు.

ఐదుగురికి టెంపో దండగ. నా బేరం నేనే చెడగొట్టుకుంటున్నా గానీ, ఏడు సీట్ల కారు చూసుకో. అమ్మకు మధ్య సీటు, కాలు చాపుకునేట్టు. బండి మాట్లాడేటప్పుడు తమిళనాడు పర్మిట్ ఉందా అని ముందే అడుగు, బార్డర్‌లో కట్టేది ఎవరి లెక్కో కాగితం మీద రాయించుకో. ఇంట్లోంచి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు నీళ్లు వేసుకుని పో. ఉప్పు నీళ్లతో, ఇసుక కాళ్లతో సీట్లు ఎక్కితే ఏ డ్రైవరూ రెండో రోజు సరిగా మాట్లాడడు.